మంచు మీద మగపిల్లాడు: ఎంతవరకు వెళ్లనివ్వాలి?

2016 జులై 21న కువైట్ వాయవ్య ఎడారిలోని మిత్రిబాలో 53.9 డిగ్రీల ఎండ కాసింది. ఆసియాలో నమ్మదగిన కొలతల్లో అంతకు మించింది లేదని ప్రపంచ వాతావరణ సంస్థ తర్వాత ధ్రువీకరించింది. అలాంటి దేశంలో 1980లోనే ఐస్ స్కేటింగ్ రింక్ తెరిచారు. 1985లో కువైట్ అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్యలో చేరింది. అందుకే ఎడారిలో మంచు ఆటేమిటన్న ఆశ్చర్యం ఇక్కడ కాపురముంటున్నవాళ్లకు ఉండదు. అబ్బాసియాలోనో సాల్మియాలోనో మంగాఫ్‌లోనో ఉండే తెలుగువాళ్ల పిల్లలు వారాంతంలో ఎప్పుడో ఒకప్పుడు మంచు మీద కాలు పెట్టే ఉంటారు.

చాలామందికి అది ఒక పూట సరదా. ఎక్కడో ఒక్క పిల్లాడు మాత్రం గోడ వదిలేసి, వెనక్కి జారడం నేర్చుకుని, గాల్లో ఒక చుట్టు తిరిగి నిలబడతాడు. కోచ్ తండ్రిని పక్కకు పిలిచి, "వీడిలో విషయం ఉంది, రోజూ తీసుకురండి" అంటాడు. అక్కడి నుంచి ఇంట్లో చర్చ మొదలవుతుంది. ఫిగర్ స్కేటింగ్ నేర్పించడం వరకు ఎవరికీ అభ్యంతరం ఉండదు. దాన్ని అబ్బాయి జీవితంగా పెట్టుకోవచ్చా అన్న దగ్గరే ఇల్లు రెండుగా చీలుతుంది. రెండు వైపులా బలమైన మాటలే ఉన్నాయి.

ముందు మనవాళ్లలో ఈ దారిలో చాలా దూరం నడిచిన ఒకరి సంగతి చూద్దాం. హైదరాబాద్‌కు చెందిన అనూప్ కుమార్ యామా ఆడింది మంచు మీద కాదు, చక్రాల మీద. ఆర్టిస్టిక్ రోలర్ స్కేటింగ్ అంటారు. యాక్సెల్, లట్జ్, సాల్కో లాంటి గెంతులు, స్పిన్‌లు, సంగీతానికి తగ్గ అడుగులు అన్నీ ఫిగర్ స్కేటింగ్‌లోవే. కాలి కింద బ్లేడు బదులు చక్రాలుంటాయి, అంతే. 2010 నవంబరులో గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో అనూప్ పురుషుల ఫ్రీ స్కేటింగ్‌లో కాంస్యం గెలిచాడు. అవనీ పంచల్‌తో కలిసి జంటల విభాగంలో మరో కాంస్యం తెచ్చాడు. 2013లో తైపీలో జరిగిన ప్రపంచ పోటీల్లో ఇన్‌లైన్ విభాగంలో స్వర్ణం అందుకున్నాడు. 2015లో అర్జున అవార్డు వచ్చింది.

ఆ ఏడాదే సానియా మీర్జాకు ఖేల్‌రత్న, కిడాంబి శ్రీకాంత్‌కు అర్జున వచ్చాయి. ఆ ఇద్దరి పేర్లు తెలియని తెలుగు ఇల్లు ఉండదు. అనూప్ పేరు ఎన్ని ఇళ్లలో తెలుసు? ఆసియా పతకాలు, ప్రపంచ స్వర్ణం, అర్జున అవార్డు ఉండి కూడా ఈ ఆటలో వచ్చే పేరు ఇంతే. కాదనే పక్షానికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. అయితే అవుననే పక్షం కూడా ఇదే కథను చూపిస్తుంది. మంచు లేని ఊళ్లో, క్రికెట్ తప్ప మరో ఆటకు చోటివ్వని సమాజంలో, ఒక హైదరాబాదీ కుర్రాడు ప్రపంచ వేదిక ఎక్కాడు కదా అంటుంది. రెండు మాటలూ నిజమే.

అవుననేవాళ్ల వాదన వినండి. వేడి దేశాల నుంచి, షాపింగ్ మాల్ రింకుల నుంచి మగ స్కేటర్లు ఒలింపిక్స్ దాకా వెళ్లిన దాఖలాలున్నాయి. ఫిలిప్పీన్స్ కుర్రాడు మైకేల్ క్రిస్టియన్ మార్టినెజ్ మనీలా దగ్గరి ఒక మాల్‌లో స్కేటింగ్ నేర్చుకున్నాడు. చిన్నప్పటి నుంచి ఉబ్బసం. 2014 సోచీ శీతాకాల ఒలింపిక్స్‌కు తన దేశం నుంచి వెళ్లిన ఒకే ఒక్క క్రీడాకారుడు అతనే. 17 ఏళ్ల వయసులో చివరి అంచె అయిన ఫ్రీ స్కేట్‌కు అర్హత సాధించి 19వ స్థానంలో నిలిచాడు. మలేషియా నుంచి జూలియన్ యీ 2018లో ప్యోంగ్‌చాంగ్‌కు వెళ్లాడు. మెక్సికోలో మాల్ రింక్ మీద సాధన చేసిన డోనోవన్ కరీయో 2022లో బీజింగ్‌లో ఆడాడు. ముప్ఫై ఏళ్ల తర్వాత ఆ దేశానికి ఒలింపిక్ ఫిగర్ స్కేటర్ దొరికాడు. గల్ఫ్‌లోనే చూస్తే, అబుదాబి అమ్మాయి జహ్రా లారీ 2012లో ఇటలీలో తలకు వస్త్రం కట్టుకుని ఆడింది. అందుకు మార్కులు కోస్తే ఊరుకోకుండా, నిబంధన మారేదాకా పోరాడింది.

మగపిల్లాడికి మరో వెసులుబాటు ఉంది. అమ్మాయిలకు ఎదిగే వయసులో శరీరం మారి గెంతులు తప్పుతుంటాయి. అబ్బాయిలకు ఆ దశ దాటాక భుజాల్లో, తొడల్లో బలం పెరిగి గెంతులు ఇంకా పెద్దవవుతాయి. నాలుగు చుట్ల గెంతులో ఆటగాడు గాల్లో ఉండేది దాదాపు 0.7 సెకన్లే. ఆ కాస్త వ్యవధిలో అన్ని చుట్లు తిరగాలంటే కండ కావాలి. చాలామంది అబ్బాయిల్లో అది ఎదిగే వయసు దాటాకే కుదురుకుంటుంది. కాబట్టి పన్నెండేళ్లకు అద్భుతాలు చేయని అబ్బాయి పనికిరాడని అప్పుడే తేల్చేయడానికి వీల్లేదు.

చదువు పాడవుతుందన్న భయానికి అవుననేవాళ్లు నేథన్ చెన్‌ను చూపిస్తారు. చైనా నుంచి అమెరికాకు వలస వెళ్లిన ఇంటి పిల్లాడతను. సాల్ట్‌లేక్ సిటీలో పెరిగాడు. 2018 ఒలింపిక్స్ షార్ట్ ప్రోగ్రామ్‌లో 17వ స్థానానికి జారిపోయి, ఫ్రీ స్కేట్‌లో పుంజుకుని 5వ స్థానంలో ముగించాడు. ఆ తర్వాత యేల్ విశ్వవిద్యాలయంలో చదువుతూనే ప్రపంచ టైటిల్ గెలిచాడు. 2022లో ఒలింపిక్ స్వర్ణం కూడా తెచ్చుకున్నాడు. పుస్తకమూ బ్లేడూ ఒకే సంచిలో పడతాయని అతను చూపించాడు.

ఇక మన ఇళ్లలో వినిపించే అసలు ఆక్షేపణ ఒకటుంది: మగపిల్లాడికి ఆ మెరుపుల చొక్కాలేమిటి, ఆ చేతులు తిప్పడమేమిటి అని. ఈ మాటనే మనవాళ్లెవరైనా కూచిపూడిలో అంటే ఊరు నవ్వుతుంది. తరతరాలుగా ఆ నాట్యాన్ని మోసింది మగవాళ్లే. వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామ వేషంలో జడ వేసుకుని రంగం మీదికొస్తే పెద్దవాళ్లు చేతులు జోడించి చూశారు. 1970లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. లయకు ఒదిగే మగ శరీరాన్ని గౌరవించిన జాతి మనది. ఆ గౌరవం మంచు మీదికి ఎందుకు రాకూడదు? పైగా ఇది నాట్యమొక్కటే కాదు. గెంతి దిగేటప్పుడు ఒక్క కాలి మీద పడే భారం ఒంటి బరువుకు ఎన్నో రెట్లుంటుంది. ఆ దెబ్బను రోజూ పదుల సార్లు తట్టుకునేవాణ్ని సుకుమారుడు అనడం తెలియనితనం.

కాదనేవాళ్ల మాటకు వద్దాం. వాళ్ల మొదటి వాదన జెండా గురించి, ఇది చాలా గట్టిది. జహ్రా లారీకి ఎమిరేట్స్ పౌరసత్వం ఉంది, మార్టినెజ్‌కు ఫిలిప్పీన్స్ పాస్‌పోర్టు ఉంది. కువైట్‌లో పుట్టి, ఇక్కడే పదోతరగతి దాకా చదివిన తెలుగు పిల్లాడికి కువైట్ జెండా దొరకదు. 1959 నాటి పౌరసత్వ చట్టం ప్రకారం మనలాంటి ప్రవాసులకు ఆ తలుపు దాదాపు మూసే ఉంటుంది. ఒలింపిక్స్‌లో ఏ దేశం తరఫున ఆడాలన్నా ఆ దేశ పౌరుడై ఉండాలి. అంటే అబ్బాయి ఇక్కడ ఎంత సాధన చేసినా ఆడాల్సింది భారత్ తరఫునే. అందుకు భారత జాతీయ పోటీలకు వెళ్లాలి, అక్కడి సంఘం కళ్లలో పడాలి. ఇక్కడి క్లబ్ పతకాలు, సర్టిఫికెట్లు ఆ ఎంపికలో పెద్దగా అక్కరకు రావు.

సొంత జెండా ఉన్నవాళ్లకైనా అది స్థిరమని చెప్పలేం. కువైట్ ఒలింపిక్ కమిటీని అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం రెండుసార్లు సస్పెండ్ చేసింది. క్రీడాసంఘాల్లో ప్రభుత్వ జోక్యమే కారణం. అనూప్ కాంస్యాలు గెలిచిన గ్వాంగ్‌జౌలోనే కువైటీలు ఒలింపిక్ జెండా కింద ఆడారు. 2016 రియోలో కువైటీ షూటర్ ఫుహైద్ అల్ దైహానీ స్వర్ణం గెలిచినా, ఎగిరింది అతని దేశపు జెండా కాదు. విచిత్రమేమిటంటే ఆసియా క్రీడలను నడిపించే ఆసియా ఒలింపిక్ మండలి కేంద్ర కార్యాలయం ఉన్నది కువైట్‌లోనే. ఆటల రాజధాని పక్కనే ఉన్నంత మాత్రాన ఆటగాడి దారి సుగమం కాదన్నమాట.

రెండో వాదన నివాసం గురించి. కువైట్‌లో మన ఉనికి తండ్రి ఉద్యోగానికి కట్టేసి ఉంటుంది. 2024 జనవరిలో కుటుంబ వీసాకు కావలసిన కనీస జీతాన్ని 800 దినార్లకు పెంచారు. రాజంపేట, రాయచోటి, కోనసీమల నుంచి వచ్చిన చాలామంది పిల్లలు ఊళ్లోనే తాతయ్య, అమ్మమ్మల దగ్గర పెరగడానికి కారణం ఇలాంటి లెక్కలే. పిల్లలతో ఇక్కడ కాపురముండే ఇంటికి కూడా కంపెనీ మారినా, అకామా (నివాస అనుమతి) ఆగినా ఊరికి ప్రయాణం తప్పదు. 1990 ఆగస్టులో ఇరాక్ సేనలు వచ్చినప్పుడు లక్షకు పైగా భారతీయులు కట్టుబట్టలతో అమ్మాన్ మీదుగా ఇంటికి చేరిన సంగతి పెద్దవాళ్లకు గుర్తుంది. ఫిగర్ స్కేటింగ్ పదేళ్ల వరుస సాధన అడుగుతుంది. పదేళ్లు ఇక్కడే ఉంటామని రాసివ్వగలిగిన ప్రవాసి లేడు.

మూడోది మంచు లభ్యత. సరదాకు జారడానికి మంచు దొరకడం వేరు, సాధనకు దొరకడం వేరు. నలుగురు పిల్లలు గోడ పట్టుకుని నడుస్తున్న రింక్‌లో మూడు చుట్ల గెంతు సాధన చేస్తే అందరికీ ప్రమాదమే. అందుకే లోకమంతటా స్కేటర్లు రింక్ తెరవకముందు తెల్లవారుజామున, మూసేశాక రాత్రి సాధన చేస్తారు. కువైట్‌లో మంచు క్రీడల క్లబ్ దృష్టి ఎక్కువగా హాకీ మీద ఉంది. హాకీ జట్టులో ఇరవైమందికి ఒకేసారి పనికొచ్చే మంచును ఒక్క ఫిగర్ స్కేటర్‌కు కేటాయించమంటే ఏ క్లబ్బూ సులువుగా ఒప్పుకోదు. ఉదయం ఆరింటికల్లా బస్సు ఎక్కాల్సిన ఇండియన్ స్కూల్ పిల్లాడు తెల్లవారుజామున నాలుగింటికి రింక్‌లో ఉండాలంటే, ముందు అమ్మా నాన్నా నిద్ర మానుకోవాలి.

నాలుగోది ఖర్చు. బూట్లు, బ్లేడ్లు విడివిడిగా కొనాలి. ఎదిగే కాలానికి ఏడాది తిరక్కుండానే అవి చాలవు. కోచ్‌కు గంట లెక్కన చెల్లించాలి. మంచుకూ అంతే. నృత్యం కూర్చేవాళ్లకు, సంగీతం కత్తిరించేవాళ్లకు, దుస్తులు కుట్టేవాళ్లకు వేరే. ఆపైన విదేశీ పోటీలకు విమాన చార్జీలు, వీసాలు. మార్టినెజ్‌ను సోచీకి పంపడానికి అతని కుటుంబం ఇల్లు తాకట్టు పెట్టింది. దీనికి ఎదురుగా ఆదాయం చూడండి. 2019లో ప్రపంచ చాంపియన్‌షిప్ సింగిల్స్ విజేతకు ఇచ్చింది 64,000 డాలర్లు. అది ప్రపంచంలో మొదటివాడికి. ఇరవయ్యో స్థానంలో ఉన్నవాడికి దారి ఖర్చులే రావు.

ఐదోది ఆట పోకడ. 1988లో కెనడా స్కేటర్ కర్ట్ బ్రౌనింగ్ బుడాపెస్ట్‌లో నాలుగు చుట్ల గెంతు చేస్తే లోకం అబ్బురపడింది. 2022 సెప్టెంబరులో పదిహేడేళ్ల ఇలియా మలినిన్ నాలుగున్నర చుట్ల యాక్సెల్ చేసి చూపించాడు. ఇప్పటి మార్కుల పట్టికలో మూడున్నర చుట్ల యాక్సెల్ విలువ 8.0. నాలుగు చుట్ల లట్జ్‌కు 11.5, నాలుగున్నర చుట్ల యాక్సెల్‌కు 12.5. నాలుగు చుట్లు రాని మగ స్కేటర్‌కు పైవరసలో చోటు లేదు. ఆ గెంతులు నేర్పగల కోచ్‌లు కొన్ని దేశాల్లోనే ఉన్నారు. ఒలింపిక్స్‌లో పురుషుల సింగిల్స్‌కు దక్కే చోట్లు దాదాపు ముప్ఫై. 2022 బీజింగ్ దాకా భారత్ నుంచి ఒక్క ఫిగర్ స్కేటరూ ఆ ముప్ఫైలోకి రాలేదు.

ఈ రెండు వాదనలనూ పక్కపక్కన పెడితే ఒక సంగతి తేలుతుంది. అవుననేవాళ్లు మనిషి గురించి మాట్లాడుతున్నారు. కాదనేవాళ్లు వ్యవస్థ గురించి మాట్లాడుతున్నారు. పిల్లాడిలో పట్టుదల ఉందా అంటే ఉండొచ్చు. కానీ మార్టినెజ్, చెన్, లారీ ముగ్గురి వెనకా పట్టుదలతో పాటు మరో రెండున్నాయి: తాము ఆడబోయే జెండా విషయంలో సందేహం లేకపోవడం, సాధనకు రోజూ దొరికే మంచు. చెన్ పెరిగిన సాల్ట్‌లేక్ సిటీ 2002 ఒలింపిక్స్ జరిగిన ఊరు. కువైట్‌లోని మన పిల్లాడికి ఆ రెండింటిలో మొదటిది సముద్రం అవతల ఉంది, రెండోది అరకొరగా ఉంది. పట్టుదల ఒక్కటే ఈ లోటు పూడుస్తుందని చెప్పడం పిల్లాణ్ని మోసం చేయడమే.

కాదనేవాళ్ల లెక్కలోనూ ఒక పొరపాటుంది. వాళ్లు ఒలింపిక్స్‌ను మాత్రమే గమ్యంగా పెట్టి, అది అందదు కాబట్టి ఏదీ వద్దంటున్నారు. ఈ కొలత సంగీతానికి పెడితే మన పిల్లలెవరూ సరిగమలు దాటకూడదు. సాధన చేసే పిల్లాడు పడి లేవడం నేర్చుకుంటాడు. ఒంటరిగా నిలబడి మార్కులు వేయించుకోవడం, ఓడినా చిరునవ్వుతో వంగి నమస్కరించడం నేర్చుకుంటాడు. తరవాత ఏ పరీక్ష హాల్లోనైనా, ఏ ఇంటర్వ్యూలోనైనా ఇవి అక్కరకొస్తాయి. వేసవిలో నాలుగు నెలలు ఏసీ గదుల్లో ఫోన్‌కు అతుక్కుపోయే గల్ఫ్ పిల్లలకు చెమట పట్టించే ఆట దొరకడమే గొప్ప.

రెండు పక్షాలూ అంతగా పట్టించుకోని మూడో దారి అనూప్ నడిచినది. మంచు లేనిచోట చక్రాలున్నాయి. రోలర్ స్కేటింగ్‌కు నున్నటి నేల చాలు. భారత్‌లో రోలర్ స్కేటింగ్ సమాఖ్య ఏటా రాష్ట్రాల వారీగా జాతీయ పోటీలు జరుపుతుంది. సీబీఎస్‌ఈ క్రీడల్లోనూ స్కేటింగ్ ఉంది. ఇక్కడి ఇండియన్ స్కూళ్ల పిల్లలకు అది తెలిసిన చట్రమే. పిల్లాడు రేపు హైదరాబాద్‌కో విజయవాడకో తిరిగి వెళ్లాల్సి వచ్చినా సాధన తెగిపోదు. గెంతుల్లో శరీరం తిరిగే తీరు ఒకటే కాబట్టి మంచు మీద దొరికిన కొద్ది గంటలూ వృథా కావు.

దీనికీ పరిమితులున్నాయి, దాచిపెట్టకూడదు. ఆర్టిస్టిక్ రోలర్ స్కేటింగ్ ఒలింపిక్స్‌లో లేదు. ఆసియా క్రీడల్లోనూ నిలకడ లేదు. గ్వాంగ్‌జౌలో రోలర్ క్రీడలుంటే, నాలుగేళ్లకు ఇంచియాన్‌లో అసలు లేవు. 2018 జకార్తాలో మళ్లీ వచ్చినా, అవి వేగపు పందేలు, స్కేట్‌బోర్డింగే. అనూప్ మంచి ఫామ్‌లో ఉన్న ఏళ్లలోనే ఆ వేదిక అతని కాళ్ల కింద నుంచి తప్పుకుంది. పదేళ్లు సాధన చేసినవాడికి ఇంతకంటే పెద్ద దెబ్బ మోకాలికి కూడా తగలదు. అందుకే చక్రాల దారిని సైతం ఉద్యోగానికి పూచీగా ఎవరూ తీసుకోవద్దు. స్పోర్ట్స్ కోటా మీద ఆశ పెట్టుకునేవాళ్లు ముందు తమ రాష్ట్రపు జాబితాలో ఈ విభాగం ఉందో లేదో చూసుకోవాలి.

నా తీర్పు ఇది. కువైట్‌లో ఉంటూ, మంచు మీద పోటీ ఫిగర్ స్కేటింగ్‌ను తెలుగింటి అబ్బాయికి బతుకుతెరువుగా ఎంచుకోవడం నేటి పరిస్థితుల్లో తగదు. జెండా, నివాసం, మంచు, డబ్బు నాలుగూ ఎదురు తిరుగుతున్నాయి. అయితే అదే ఆటను పదిహేను పదహారేళ్ల దాకా నిష్ఠగా నేర్పించడం తగినదే, చక్రాల మీదైతే ఇంకా మంచిది. కడప జిల్లాలో వానను నమ్మి వేరుశనగ వేసే రైతు ఇంట్లో ఉన్న విత్తనమంతా ఒక్క పదునుకే చల్లేయడు. పిల్లాడి ఆట మీద పెట్టేది కూడా పోయినా ఇల్లు నిలబడేంతే ఉండాలి. ఊళ్లో పొలం, ఆడపిల్ల చదువు, తాకట్టు బంగారం ఈ లెక్కలోకి రాకూడదు.

పదహారేళ్లప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. మూడు చుట్ల గెంతులు అన్నీ నిలకడగా పడుతున్నాయా? భారత జాతీయ పోటీల్లో ముందు వరసలో ఉన్నాడా? ఎముకలు, కీళ్లు బాగున్నాయని డాక్టర్ చెబుతున్నారా? మూడింటికీ అవునన్న జవాబొస్తే, అప్పుడు రింకూ కోచ్ ఉన్నచోటికి పంపే మాట ఆలోచించవచ్చు. ఒక్కదానికి కాదని వచ్చినా ఆట ఆపనక్కర్లేదు, ఆశ తగ్గించుకుంటే చాలు. ఈ షరతులు పిల్లాడికి పదేళ్లప్పుడే చెప్పి ఉంచండి. హఠాత్తుగా ఒకరోజు స్కేట్లు లాక్కుంటే ఆ గాయం మానదు, ముందే తెలిసిన గడువును మాత్రం పిల్లలు మనం అనుకున్నదానికంటే బాగా అర్థం చేసుకుంటారు. ఇక చుట్టాలెవరైనా "మగపిల్లాడికి ఈ డాన్సులేమిట్రా" అంటే, కాదనడానికి డబ్బు, జెండా లాంటి సరైన కారణాలు చాలా ఉన్నాయని, ఇది మాత్రం వాటిలో ఒకటి కాదని వాళ్లకు చెప్పండి.